కాళాచారి కోసేసిన ఊతలు

ఆళ్లగడ్డలో కాళాచారి అనే శిల్పి ఉండేవాడు. నల్లరాతిలో చీర మడతలు, ముంగురులు తేల్చే నేర్పు ఎంత ఉందో, తన బొమ్మ మీద ఇంకొకరి చేయి పడిందని ఒప్పుకోలేని పంతం కూడా ఆయనకు అంతే ఉండేది.

ఆయన యార్డులో పనివాళ్లకు కొదవ లేదు. బండను చీల్చేవాళ్లు, అక్కర్లేని రాయిని తొలిచేవాళ్లు, బొమ్మకు నునుపు పట్టే ఆడవాళ్లు అంతా తెల్లారేసరికి వచ్చి కూర్చునేవారు. వాళ్లకు కూలి సరిగ్గా ఇచ్చేవాడు. పండుగకు బట్టలు పెట్టేవాడు. ఎవరికైనా జ్వరం వస్తే ఆస్పత్రికి తనే తీసుకుపోయేవాడు. అన్నీ చేసేవాడు గానీ, ఒక్క మెచ్చుకోలు మాట మాత్రం ఆయన నోటి నుంచి జారేది కాదు. చూడవచ్చినవాళ్లు బొమ్మను పొగిడితే, "అంతా నా చేతి పనే" అని మీసం సవరించుకునేవాడు. పక్కనే కూర్చుని ఆరు వారాలుగా ఆ బొమ్మకు నునుపు పట్టిన మనిషి ఆ మాట విని తల వంచుకునేది. కాళాచారికి అది కనిపించేది కాదు. అబద్ధం చెబుతున్నానని కూడా ఆయనకు తోచేది కాదు.

పక్క వీధిలో దస్తగిరి షెడ్డు ఉండేది. బొమ్మలు దూరదేశాలకు పోయేందుకు చెక్కపెట్టెలు కట్టడం అతని వృత్తి. దస్తగిరి కాళాచారి కంటే నాలుగేళ్లు చిన్న. చేతి కంటే నోరు ఎక్కువ ఆడే మనిషి. "నా పెట్టెలో కోడిగుడ్డు పెట్టి కొండ మీది నుంచి దొర్లించండప్పా, కింద కోడిపిల్లే బయటికొస్తాది" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఊరంతా నవ్వేది. పెట్టె కావాల్సి వస్తే మాత్రం అందరూ అతని దగ్గరికే పోయేవారు.

ఒక ఏడాది మారిషస్ నుంచి కబురు వచ్చింది. నాలుగు తరాల కిందట చెరకు తోటల్లో కూలికని ఓడ ఎక్కి పోయిన తెలుగువాళ్ల పిల్లల పిల్లలు అక్కడ ఒక బడి కట్టుకున్నారు. ఆదివారాలు అందులో తెలుగు నేర్పుతున్నారు. బడి వాకిట్లో నిలుపుకోవడానికి వాళ్లకు ఒక సరస్వతి విగ్రహం కావాలి. కాళాచారి చేసిన బొమ్మల ఫోటోలు చూసి, చేస్తే ఆయనే చేయాలని పట్టుబట్టారు.

కాళాచారి ఆ పని ఒప్పుకునేనాటికే ఆయన ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము చేరిపోయి ఉంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. నంద్యాల డాక్టరు పరీక్ష చేసి, ఈ బొమ్మ తర్వాత ఇక ఉలి ముట్టుకోవద్దని, విమానం ఎక్కే మాట అసలే తలపెట్టవద్దని గట్టిగా చెప్పాడు. కాళాచారి ఇంటికి వచ్చి భార్య ఓబులమ్మతో, "ఇదే నా కడపటి బొమ్మ. ఇది మంచిగా పోయి చేరితే నాకింకేం వద్దు" అన్నాడు.

ఏడాది పాటు ఆయన ప్రాణమంతా ఆ రాయి మీదే పెట్టాడు. సరస్వతి పద్మం మీద కూర్చుని ఉంటుంది. రెండు చేతులు వీణ మీద ఉంటాయి. పై చేతుల్లో ఒకదానిలో పుస్తకం, ఇంకొకదానిలో జపమాల. వీణ దండి భుజానికి తగలకుండా గాలిలో తేలినట్టు ఉంటుంది. జపమాల పట్టిన చేయి కిరీటానికి దూరంగా పైకి లేచి ఉంటుంది. అంతా ఒకే రాయి. రెండు టన్నులకు పైగా బరువు. అంత బరువున్న రాయిలోనూ వేళ్లు మాత్రం చిన్నపిల్ల వేళ్లంత సన్నం.

అలాంటి సన్నని భాగాలు విరిగిపోకుండా శిల్పులు ఒక ఉపాయం చేస్తారు. వీణ దండికీ భుజానికీ మధ్య, చేతికీ కిరీటానికీ మధ్య వేలెడేసి రాతిముక్కల్ని తొలవకుండా వదిలేస్తారు. వాటిని ఊతలు అంటారు. బొమ్మ నిలవాల్సిన చోట నిలిచాక, అప్పుడు వాటిని కోసేసి ఆ చోటు నునుపు చేస్తారు. ఆఖరి ఊత కోసినవాడే బొమ్మను పూర్తి చేసినవాడని కాళాచారి తండ్రి కాలం నుంచి ఆ యార్డులో ఒక పట్టింపు ఉండేది.

పెట్టె కొలతలకు వచ్చిన దస్తగిరి బొమ్మ చుట్టూ తిరిగి చూసి, ఊతలు అట్లే ఉంచి పంపుదామన్నాడు. అది కాళాచారికీ తెలిసిన సంగతే. మూడేళ్ల కిందట ఊతలు తీసేసి పంపిన వేణుగోపాలుడి పిల్లనగ్రోవి హైదరాబాదు చేరకుండానే రెండు ముక్కలైంది. మరి అక్కడ ఊతలు కోసేది ఎవరని ఆయన అడిగాడు. బడివాళ్లు ఫోనులో చెప్పారు: తమ ఊళ్లో సింహాద్రి అని ఒకాయన ఉన్నాడు, సమాధి రాళ్లు చెక్కుతాడు, చేయి నిదానమైనది, ఆయన కోస్తాడు అని.

కాళాచారి ముఖం మాడిపోయింది. ఫోను పెట్టేశాక, "సమాధి రాళ్లు కొట్టేవాడు నా సరస్వతి మీద ఉలి పెడతాడా?" అన్నాడు.

"మరి నువ్వు పోలేవు కదన్నా" అన్నాడు దస్తగిరి.

కాళాచారి సరే అన్నట్టు తల ఊపాడు. కానీ ఆ మాట ఆయన గొంతులో ముల్లులా దిగబడింది. ఏడాది కష్టపడి చేసిన తన కడపటి బొమ్మను, ఎన్నడూ చూడని మనిషి ముగించడమా అని తిండి తింటున్నా అదే ఆలోచన, మంచం మీద ఒరిగినా అదే ఆలోచన.

పెట్టె కట్టడానికి ముందురోజు అమావాస్య వచ్చింది. అమావాస్యనాడు ఆ యార్డులో ఎవరూ ఉలి పట్టరు. పనివాళ్లంతా సెలవు మీద ఇళ్ల దగ్గర ఉన్నారు. పొద్దున్నే కాళాచారి ఒక్కడే యార్డుకు పోయాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, సన్న ఉలి తీసుకుని, ఊతలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కోసేశాడు. ఆ చోట్లు తన చేత్తోనే నునుపు పట్టాడు. బొమ్మ ఏ ఆసరా లేకుండా వెలిగిపోతూ కనిపించింది. కళ్లారా చూసుకుని, వీణకూ చేతులకూ మెత్తని గుడ్డ చుట్టేశాడు. ఉలి చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన ఓబులమ్మను, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని కట్టడి చేశాడు. దస్తగిరికి మాత్రం, ఆ గుడ్డ తాను చుట్టానని, విప్పవద్దని కబురు పెట్టాడు.

ఆ దుమ్ముకు మరునాడు ఆయన మంచం దిగలేకపోయాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అక్కడ యార్డులో దస్తగిరి మనుషులు చెయిన్ కప్పీతో బొమ్మను లేపారు, పీఠాన్ని బోల్టులతో బిగించారు, ఒక పెట్టెలో పెట్టి ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టారు. పెట్టె ప్రయాణంలో బాగా ఒరిగితే ఎర్రగా మారే చీటీ ఒకటి పైన అంటించారు. క్రేను వచ్చి లారీలోకి ఎక్కించింది. చీకటి పడేవేళకు దస్తగిరి వచ్చి, "పెట్టె పోయిందన్నా" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. కోడిగుడ్డు మాట ఎత్తలేదు. ఒంట్లో బాగాలేని కాళాచారి అది గమనించలేదు.

ఓడ చెన్నై నుంచి బయలుదేరింది. ఆ రోజు నుంచి కాళాచారికి కుదురు లేదు. సముద్రం ఎలా ఉందో ఎవరిని అడగాలో తెలియక, పేపర్లో తుపాను అనే మాట ఎక్కడ కనబడినా ఉలిక్కిపడేవాడు. చివరకు ఒక మధ్యాహ్నం బడివాళ్లు ఫోను చేశారు. పెట్టె రేవులో దిగింది. దాని ఒక మూల నలిగింది. పైన చీటీ ఎర్రబడి ఉంది. కస్టమ్స్ వాళ్ల పని అయ్యాకే విప్పి చూడగలం అన్నారు.

వీణ దండి ముక్కలై పెట్టె అడుగున కాళాచారికి పడి ఉన్నట్టు కళ్ల ముందు కనబడింది. ఊతలు ఉండి ఉంటే, అన్న మాట మనసులో లేచింది. ఆ మాటను ఆయన అణిచేశాడు. దాని చోట కోపం వచ్చి కూర్చుంది. కోపానికి మనిషి కావాలి కదా, దస్తగిరి దొరికాడు.

ఆయన ఆయాసపడుతూనే షెడ్డుకు పోయాడు. రంపాలు ఆడుతున్నాయి. పదిమంది చూస్తుండగా, "నీ కోతలన్నీ ఇంగ కట్టిపెట్టు దస్తగిరీ. మూల నలిగే పెట్టె కట్టి నా బొమ్మను పాడు చేసినావు. నీ పెట్టెలో పెట్టడమే నా ఖర్మ" అని నోటికి వచ్చినట్టు తిట్టాడు. రంపాలు ఆగిపోయాయి. దస్తగిరి ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. ముఖం మాత్రం నల్లబడింది.

"విప్పినాక మాట్లాడుకుందాంలే అన్నా" అన్నాడు.

ఇంటికి వచ్చి కూర్చుంటే కాళాచారికి అన్నం సహించలేదు. తిట్టిన మాటలు తనకే చేదుగా తగిలాయి. కడకు ఓబులమ్మ వైపు చూసి, "నా చేత్తోనే ఇరగ్గొట్టుకున్నానేమో" అన్నాడు. ఆమె కంచం తీస్తూ, "ఆ మాట నాకు చెప్తే ఏం లాభమయ్యా? చెప్పాల్సినోళ్లకు చెప్పు" అంది. ఆయన వెళ్లలేదు. వెళ్దామనుకుంటూనే రోజులు గడిపేశాడు.

పెట్టె విప్పే రోజు బడివాళ్లు ఫోనులో చూపిస్తామన్నారు. ఓబులమ్మ ఫోను పట్టుకుంది. తెర మీద వెడల్పాటి నల్లని ముఖం, నెరిసిన మీసం కనబడ్డాయి. ఆయనే సింహాద్రి. తెలుగు ఒక్కొక్క మాట వెతుక్కుని పలికేవాడు. నమస్కారం పెట్టి, పలకలు ఊడదీయడం మొదలుపెట్టాడు. బయటి పెట్టె పోయింది. లోపలి పెట్టె పోయింది. గుడ్డ తొలగింది. కాళాచారి కళ్లు మూసుకున్నాడు.

"అమ్మ బాగుంది అయ్యగారూ. ఒక వేలు కూడా విరగలేదు" అన్నాడు సింహాద్రి.

కాళాచారి కళ్లు తెరిచాడు. సరస్వతి ముఖం చిన్న తెర నిండా ఉంది. ఆయనకు ఏడుపు ఆగలేదు. ఓబులమ్మ కొంగుతో ఆయన కళ్లు తుడిచి, తన కళ్లు తుడుచుకుంది.

కానీ సింహాద్రి ముఖంలో ఏదో సందేహం ఉంది. ఫోనును బొమ్మకు దగ్గరగా తీసుకుపోయి, తనతో ఊతలు రాతివి అని చెప్పారని, ఇక్కడ మాత్రం చెక్కవి ఉన్నాయని అన్నాడు. "ఇవి గట్టిగా బిగించి ఉన్నాయి. ఏది ముందు తీయాలి? తప్పుగా తీస్తే బరువు ఇంకో వైపు పడుతుంది కదా" అని అడిగాడు.

కాళాచారి తెర మీదికి వంగాడు. తాను అమావాస్యనాడు కోసేసిన ప్రతి చోటా ఒక చెక్కముక్క ఉంది. పరదేశాలకు పంపేందుకు పురుగు లేదని ముద్ర వేసిన పెట్టెచెక్కనే కోసి, ఆ సందుకు సరిపోయేలా చెక్కి, రాయికి గీత పడకుండా పాత ట్రాక్టరు ట్యూబు ముక్క చుట్టి పెట్టారు. వీణ దండి కింద ఒకటి, భుజం దగ్గర ఒకటి, చేతికీ కిరీటానికీ మధ్య ఒకటి, వేళ్ల మధ్య పుల్లంత సన్నవి. ఎవరు పెట్టారో అడగాల్సిన పని లేదు. పదిమందిలో తన చేత తిట్లు తిని నోరు మూసుకున్న మనిషి ముఖం ఆయనకు గుర్తొచ్చింది.

"నాకు తెల్దు నాయనా" అన్నాడు. తన బొమ్మ గురించి ఆ మాట అనడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "తెలిసినాయన దగ్గరికి పోతా. ఫోను పెట్టేయొద్దు."

ఓబులమ్మ చేయి ఆసరాతో ఆయన వీధిలోకి దిగాడు. ఫోను చేతిలో అలాగే వెలుగుతూ ఉంది. మారిషస్‌లో బొమ్మ చుట్టూ నిలబడ్డవాళ్లకు ఆళ్లగడ్డ వీధి, ఒక గేదె, గోడ మీద పిడకలు, మధ్య మధ్య కాళాచారి గడ్డం కనబడ్డాయి. రెండుచోట్ల ఆయన ఊపిరి అందక ఆగాడు. ఓబులమ్మ తానే పోయి పిలుచుకొస్తానంది. "వద్దు, నేనే పోవల్ల" అన్నాడు.

షెడ్డులో రంపాలు మళ్లీ ఆగాయి. ఇంకోసారి తిట్టడానికి వచ్చాడేమోనని పనివాళ్లు బెదురుగా చూశారు. కాళాచారి ఫోను చాపాడు.

"దస్తగిరీ, ఏది ముందు తీయాలో నాకు తెల్దు. నువ్వు పెట్టినావు, నువ్వే చెప్పల్ల."

దస్తగిరి ఆయన ముఖం కేసి ఒక క్షణం చూశాడు. చేతికంటిన రంపపు పొట్టు పంచెకు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. మారిషస్ దాకా అరిస్తే తప్ప వినపడదన్నట్టు గొంతెత్తి మొదలుపెట్టాడు. వేళ్ల మధ్య పుల్లలు ముందు తీయమన్నాడు. తర్వాత భుజం దగ్గరిది. వీణ కిందది అప్పుడే ముట్టుకోవద్దన్నాడు. సింహాద్రి ప్రతి మాటనూ తిరిగి చెప్పి, అవునా అని అడిగి, అప్పుడే చేయి వేశాడు. ఒక్కొక్క చెక్కముక్కా బయటికి వస్తుంటే షెడ్డులో పనివాళ్లంతా ఫోను చుట్టూ మూగారు.

ఆఖరున జపమాల పట్టిన చేతి దగ్గరిది మిగిలింది. అది రాలేదు. సముద్రపు చెమ్మకు చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. పక్కన ఎవరో సుత్తి అందించబోతే సింహాద్రి వద్దన్నాడు. సన్నటి రంపపు బ్లేడు తీసుకున్నాడు. ఎడమ అరచేతిని రాతిచేయి కింద ఆనించి, కుడిచేత్తో చెక్కను పొరలు పొరలుగా కోస్తూ పోయాడు. బ్లేడు రాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆపి, ఊపిరి తీసుకుని, మళ్లీ కోసేవాడు. కాళాచారి చూపు ఆ ఎడమ అరచేతి మీదే నిలిచిపోయింది. రాయి విరిగితే ముందు ఆ చేయి నలుగుతుంది. ఆ సంగతి సింహాద్రికి తెలుసు. అయినా చేయి తీయలేదు. చివరి పొర కూడా ఊడి పడింది. సరస్వతి చేయి కదలకుండా నిలిచింది.

షెడ్డులో అందరి ఊపిరీ ఒకేసారి బయటికి వచ్చింది.

కాళాచారి పక్కనున్న చెక్కదిమ్మె మీద కూలబడ్డాడు. "ఊతలు లేవని నీకెట్ల తెలిసింది?" అని దస్తగిరిని అడిగాడు. గుడ్డ చుట్టిన చోట చేయి పెడితే లోపల బోలుగా తగిలిందని, విప్పి చూశానని, లారీని ఆపి పొద్దు వాలేదాకా చెక్కలు సరిచేశానని దస్తగిరి చెప్పాడు.

"మరి నాతో ఒక మాట చెప్పలేదే?"

"చెప్పింటే అవి కూడా పీకేసి పంపేవాడివి."

పనివాళ్లు నవ్వారు. కాళాచారికీ నవ్వు వచ్చింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఓబులమ్మ మంచినీళ్లు తాగించాక, ఆయన లేచి నిలబడ్డాడు. తాను ఎవరి ఎదుట దస్తగిరిని తిట్టాడో వాళ్లందరి వైపూ చూశాడు.

"అమాసనాడు ఎవరూ లేనప్పుడు ఊతలు కోసింది నేను" అన్నాడు. "తప్పు నా దగ్గర పెట్టుకుని, మీ ముందర ఈయన్ని తిట్టినా. నా కడపటి బొమ్మ ఈ పొద్దు నిలబడిందంటే దస్తగిరి పుణ్యం. నేను బతికినంత కాలం మర్చిపోను." అని రెండు చేతులూ జోడించాడు.

రోజంతా వాగే దస్తగిరి ఆ జోడించిన చేతుల్ని పట్టుకుని కిందికి దించి, పొట్టు కళ్లలో పడిందన్నట్టు పక్కకు తిరిగాడు.

కాళాచారి ఫోను తీసుకుని సింహాద్రితో కూడా చెప్పాడు. సమాధి రాళ్లు కొట్టేవాడని తేలిక చేసి మాట్లాడానని, మనసులో పెట్టుకోవద్దని అన్నాడు. సింహాద్రి అర్థం చేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మా పెద్దవాళ్లు అందరూ ఆ వైపు నుంచే వచ్చారు అయ్యగారూ. వాళ్ల సమాధుల మీద పేర్లు నేనే చెక్కాను. ఆ పేర్లు చెక్కుతూనే నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. అక్షరాల అమ్మను నా చేతుల్లోకి పంపారు మీరు. నేను మీకు దండం పెట్టాలి."

కాళాచారి తెర మీది ఆ చేతులకు మనసులోనే మొక్కుకున్నాడు. ఇన్నాళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు దిగిపోయి, ఆ పూట ఇంటికి పోయి కడుపు నిండా అన్నం తిన్నాడు.

ఆ తర్వాత ఆయన ఉలి ముట్టలేదు. యార్డులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి గోడ మీద సరస్వతి ఫోటో చూసి ఆహా అంటే చాలు, బండ చీల్చినవాళ్లతో మొదలుపెట్టి, నునుపు పట్టిన ఆడవాళ్ల పేర్లు చెప్పి, వాళ్లను దగ్గరికి పిలిచి చూపించి, దస్తగిరినీ సింహాద్రినీ పొగిడేదాకా వదిలేవాడు కాదు. వచ్చినవాళ్ల చేతిలో టీ చల్లారిపోయేది. తమ పేరు వినడానికి పనివాళ్లు మాత్రం ఉలి పక్కన పెట్టి మరీ వచ్చి నిలబడేవారు.

పిల్లలూ, ఏ గొప్ప పనీ ఒక్కరి చేతి మీదే గట్టెక్కదు. మన పనిని కాపాడిన చేతుల్ని నమ్మాలి, తప్పు మనదైతే ఒప్పుకోవాలి, చేసిన మేలుకు నలుగురి ఎదుటా నోరారా కృతజ్ఞత చెప్పుకోవాలి.